తొమ్మిది కూడికలూ మీ బండి మీదే తిరుగుతున్నాయి

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది మార్కాపురం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్ళు. చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. మూడేళ్ళ క్రితం ఒక శిక్షణకు వెళ్ళాను. ఒక్కొక్కరు ఒక్కొక్కరిని శిష్యులుగా చేస్తూ పోతే సంఘాలు వాటంతట అవే పెరుగుతాయని, వేరే రాష్ట్రాల్లో అలాగే పెరిగాయని చెప్పారు. ఎంతో ఆశతో మొదలుపెట్టాను. ఇప్పుడు తొమ్మిది ఊళ్ళలో గృహ కూడికలు ఉన్నాయి. రోజూ రాత్రి బండి మీద తిరుగుతూనే ఉన్నాను. నేను వెళ్ళని వారం కూడిక జరగదు. ఏడాదిన్నరగా తొమ్మిది పది కాలేదు. పెట్రోలుకూ కీబోర్డుకూ సాయం చేసేవాళ్ళు మూడు నెలలకోసారి ఫారం పంపి ఎన్ని కొత్త సంఘాలు, ఎన్ని బాప్తిస్మాలు అని అడుగుతారు. మిగతావాళ్ళు పెద్ద పెద్ద అంకెలు వేస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మండలంలోని పాత సంఘం పాస్టర్ గారేమో నేను గొర్రెలు, అంటే ఆయన సంఘస్థులను, ఎత్తుకుపోతున్నానంటున్నారు. లోపం నా ప్రార్థనలో ఉందా, పద్ధతిలో ఉందా? ఒక ఊళ్ళో మిషన్ కుట్టే అక్క ఒకామె చాలా ఆసక్తిగా ఉంది, కానీ చదివింది ఐదో తరగతే. ఆమెకు బాధ్యత ఇవ్వవచ్చా? నా పేరు వేయవద్దు.

సమాధానం: తమ్ముడూ, జబ్బు పేరు మీ ఉత్తరంలో మీరే రాసేశారు. "నేను వెళ్ళని వారం కూడిక జరగదు." మీకు తొమ్మిది సంఘాలున్నాయని మీ లెక్క. నాకు మాత్రం ఒక్క సంఘమే కనిపిస్తోంది. అది తొమ్మిది ఊళ్ళలో కూర్చుంటోంది, దానికి పాస్టరు మీరు, కీబోర్డు మీరు, కానుక లెక్కలు మీరు. వారానికి ఉండేవి ఏడు రాత్రులు. ఆదివారం రెండు మూడు చోట్లకు పరుగెత్తినా తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి మీ రాత్రులు అయిపోయాయి. ప్రార్థన తక్కువైందని మిమ్మల్ని మీరు కొట్టుకోవద్దు.

శిక్షణలో బోర్డు మీద వేసిన లెక్క నాకూ తెలుసు. ఒకరు ఏడాదికి ఒకరిని నిలబెట్టాలి, మరుసటి ఏడు ఆ ఇద్దరూ చెరొకరిని నిలబెట్టాలి. పదేళ్ళకు 1,024 మంది. 20 ఏళ్ళకు పది లక్షలు దాటతారు. 33 ఏళ్ళకు దాదాపు 859 కోట్లు, అంటే ఇప్పుడు భూమ్మీద ఉన్న జనం కంటే ఎక్కువ. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ బోర్డు మీద ఎవరూ చచ్చిపోరు, ఎవరూ హైదరాబాదుకు వలస పోరు, ఎవరూ అలిగి మానెయ్యరు, ఏ మామగారూ కోడల్ని ఇంట్లోంచి కదలొద్దనడు. అసలు పెరుగుదల ఆ లెక్క ప్రకారం రాదు. ఏళ్ళ తరబడి ఏమీ కదలదు. తర్వాత ఒక మనిషి దగ్గరో ఒక కుటుంబం దగ్గరో కట్ట తెగినట్టు తెగుతుంది. దీనికి దూరదేశాల ఉదాహరణలు వెతకక్కర్లేదు, మీ పక్కనే ఒంగోలు ఉంది.

అమెరికన్ బాప్తిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ళ కోసం వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తర్వాత పాతికేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే నమ్మారు. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో బోర్డువాళ్ళు ఒకసారి కాదు, మూడుసార్లు చర్చకు పెట్టారు. దానికి 'లోన్ స్టార్', అంటే ఒంటరి నక్షత్రం, అని ముద్దుపేరు కూడా పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన జ్యూవెట్ దంపతులు, మరికొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను మీరు చూసే ఉంటారు. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. 1878 ఆఖరుకు ఆ సంఘం సభ్యులు 12 వేలు దాటారు.

ఎనిమిదికీ పన్నెండు వేలకూ మధ్య ఏం జరిగిందన్నదే మీకు కావలసిన సంగతి. సభల్లో దీన్ని క్లౌ దొరగారి కథగా చెబుతారు. నా మట్టుకు అది యెర్రగుంట్ల పేరయ్య కథ.

పేరయ్య కనిగిరి వైపు మనిషి. మాదిగ, తోళ్ళ వ్యాపారి. రాజయోగం సాధన చేసినవాడు, ఒక స్త్రీ గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నవాడు. దేవుడొక్కడే, విగ్రహాల్లో లేడు అన్నంత దూరం అప్పటికే వచ్చి ఉన్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన మాట వినే శిష్యులూ ఉన్నారు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ దగ్గర యేసు సంగతి విన్నాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఆయన ఒంగోలులో ఉండిపోలేదు, ఇంటికి వెళ్ళాడు. తోళ్ళ కోసం తిరిగే దారుల్లోనే, తన చుట్టాల పల్లెల్లోనే, తనను ముందునుంచీ ఎరిగినవాళ్ళకే చెప్పుకుంటూ పోయాడు. తర్వాతి జనవరిలో క్లౌ ఆయన ఊరికి వెళ్ళేసరికి ఎక్కడెక్కడి పల్లెలనుంచో జనం వంట సామాను, పక్కబట్టలు మూట కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఐదు రోజులు కూడికలు జరిగాయి. చివర 28 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో ఎవరినీ క్లౌ వెతికి పట్టుకోలేదు. ఆయన వచ్చేనాటికే వాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

ఇప్పుడు మీ తొమ్మిది ఊళ్ళను దీని పక్కన పెట్టి చూడండి. ఆ ఊళ్ళలో మీరు కలిసిన మొదటి మనిషి ఎవరు? ఆయన చుట్టాలు ఏ ఏ ఊళ్ళలో ఉన్నారు? పెళ్ళికి ఎవరెవరిని పిలుస్తారు? మిరపకోతలకు ఎవరితో కలిసి వెళతారు? ఇవి మీకు తెలియకపోతే సువార్త ఏ దారిన పోవాలో మీకు తెలియదన్నమాటే. యేసు డెబ్బదిమందిని పంపినప్పుడు సమాధాన పాత్రుణ్ణి కనిపెట్టి అతని ఇంట్లోనే ఉండమన్నాడు, "ఇంటింటికి తిరుగవద్దు" అన్నాడు. లూకా 10 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. కానీ మనం చేసేది సరిగ్గా తిరగేసి. కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం, ఏ ఇంట్లోనూ ఉండం. ఫిలిప్పీలో లూదియ ఇల్లు, చెరసాల నాయకుడి ఇల్లు, కైసరయలో కొర్నేలీ బంధువులు, ఇలా అపొస్తలుల కార్యాల్లో నమ్మినవాళ్ళు ఎక్కువగా ఇళ్ళకు ఇళ్ళు కదిలినవాళ్ళే. మన దగ్గరా అంతే. మనవాళ్ళు ఒంటరిగా ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోరు. అల్లుడి చదువు దగ్గర్నుంచి బోరు వేయించడం దాకా నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక్కణ్ణి విడదీసి లాక్కొస్తే ఆ ఇంటి తలుపు మిగతా అందరికీ మూసుకుంటుంది.

పౌలు ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్ళు రోజూ మాట్లాడాడు, ఆసియలో (ఖండం కాదు, అప్పటి రోమా రాష్ట్రం) కాపురమున్నవారంతా వాక్యం విన్నారని అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయం చెబుతోంది. పౌలు ఆసియ అంతా బండి మీద తిరగలేదు కదా. కొలొస్సయికి ఆయన వెళ్ళనే లేదు. అక్కడి సంఘానికి వాక్యం చెప్పినవాడు ఎపఫ్రా, ఆ ఊరివాడే. తిమోతికి రాసిన రెండో ఉత్తరం 2:2లో ఒక్క వాక్యంలో నాలుగు తరాలున్నాయి చూడండి. పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, వాళ్ళు బోధించే ఇతరులు. ఈ కాలంలో సంఘస్థాపన ఉద్యమాలను చూసేవాళ్ళు కొలిచేది కూడా దీన్నే: నాలుగో తరం దాకా వెళ్ళిందా, అదీ ఒక్క పాయగా కాకుండా అనేక పాయలుగా వెళ్ళిందా? మీ తొమ్మిదీ మొదటి తరమే. నాలుగో తరం దాకా పోయే ఒక్క పాయ ఉంటే అది ఈ తొమ్మిదికంటే బలమైనది.

మరి కూడిక మీరు లేకుండా ఎందుకు జరగడం లేదు? మీరు చేసేది వాళ్ళు చేయలేరు గనక. మీ దగ్గర కీబోర్డుంది, స్పీకర్ ఉంది, నలభై నిమిషాలు ఆపకుండా ప్రసంగించే శక్తి ఉంది. దాన్ని చూసినవాడు "బాగా చెప్పారయ్యా" అంటాడు, "నేనూ చెబుతాను" అనడు. మీరు ఎంత బాగా చెబితే వాళ్ళ నోరు అంత మూతపడుతుంది. నాకు ప్రసంగాలంటే ఇష్టమే, తమ్ముడూ, జీవితమంతా వాటి మీదే బతికాను. కానీ పల్లెలో ఒక కుటుంబం మరో కుటుంబానికి అందించాల్సినదానికి ప్రసంగం బరువెక్కువ.

మరి ఎలాంటి కూడికైతే చేతులు మారుతుంది? ఒక రాత్రి చూద్దాం. ఎనిమిదిన్నర అయింది, కోతలనుంచి వచ్చి స్నానాలు చేసి వాకిట్లో చాప మీద ఏడెనిమిది మంది కూర్చున్నారనుకోండి. ముందు పోయిన వారం అనుకున్నవి ఏమయ్యాయో ఒకరినొకరు అడుగుతారు. ఒకామె తోడికోడలితో మాట్లాడతానంది, మాట్లాడిందా? మాట్లాడలేదంటే ఎవరూ తిట్టరు, ఆమె కోసం అక్కడే ప్రార్థన చేస్తారు. తర్వాత లూకా 19లో జక్కయ్య కథ. చదవడం వచ్చిన పిల్ల ఒకసారి చదువుతుంది, లేకపోతే ఫోన్లో ఆడియో బైబిల్ పెడతారు. ఇంకోసారి వింటారు. అప్పుడు ఒకాయన పుస్తకం చూడకుండా కథ మళ్ళీ చెబుతాడు. మేడిచెట్టు మర్చిపోతే పక్కవాళ్ళు అందిస్తారు. అప్పుడు నాలుగు ప్రశ్నలు. దేవుడు ఎలాంటివాడని ఇందులో తెలిసింది? మనుషులు ఎలాంటివాళ్ళని తెలిసింది? ఇది నిజమైతే ఈ వారం నేను ఏం మార్చుకోవాలి? దీన్ని ఎవరికి చెప్పాలి? అక్కడ ముఠా మేస్త్రి ఒకాయన ఉన్నాడనుకోండి. రైతు దగ్గర మనిషికింత అని తీసుకుని కూలీలకు కొంత తగ్గించి ఇచ్చేవాడు. జక్కయ్య కథ విని ఆయన కాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత, "రేపటినుంచి రైతు ఎంతిస్తే అంత ఇస్తా, నా మేస్త్రి డబ్బు వేరే అడుక్కుంటా" అంటాడు. మీ నలభై నిమిషాల ప్రసంగానికి ఆ మాట వస్తుందా? శనివారం కూలి డబ్బులు పంచేటప్పుడు ఆ ముఠాలో ఇరవై మందికి సువార్త వినపడకుండానే కనపడుతుంది. "ఏంది మేస్త్రీ, ఈసారి లెక్క పెరిగింది?" అని వాళ్ళే అడుగుతారు. ఆయన జక్కయ్య కథ చెబుతాడు. అది అతనికి వచ్చు, పోయిన వారమే పుస్తకం చూడకుండా చెప్పాడు.

ఇందులో మీరు ఎక్కడున్నారు? మొదటి మూడు నాలుగు వారాలు పక్కన కూర్చున్నారు. ప్రశ్నలు మీరు అడగలేదు, అడగడం ఎలాగో ఇంటివాళ్ళకు నేర్పారు. అయిదో వారం రాలేదు. తప్పుడు బోధ వస్తుందేమో అని భయం వేస్తుంది. ఎవరైనా వింత మాట అన్నప్పుడు "అది ఈ భాగంలో ఎక్కడుంది?" అని అడగడం వాళ్ళకు అలవాటు చేయండి. ఆ ప్రశ్న మీరు లేనప్పుడు కూడా పనిచేస్తుంది. నేనొచ్చి సరిదిద్దుతానంటే, మీరు రాని రోజు సరిదిద్దేవాడు ఉండడు.

మీ మిషన్ కుట్టే అక్క సంగతికి ఇక్కడే జవాబుంది. ఐదో తరగతి చాలు. పేరయ్య సెమినరీ, అంటే బోధకుల శిక్షణ పాఠశాల, చదివి బయలుదేరలేదు, రామాయపట్నంలో సెమినరీ పెట్టింది ఆ తర్వాతే. ఆమె దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి ఎంతమంది ఆడవాళ్ళు వస్తారో మీకు తెలుసా? కొలతలిచ్చేటప్పుడు ఇంట్లో కష్టాలన్నీ చెప్పుకుంటారు. మీరు పదేళ్ళు తిరిగినా మీకు చెప్పని మాటలవి. మీరు చూడాల్సింది ఆమె ఎంత చదివిందని కాదు. విన్నది చేస్తోందా, చేసింది ఇంకొకరికి చెబుతోందా, తప్పు చెబితే ఒప్పుకుంటుందా అని చూడండి. ఇంట్లో భర్తకు, అత్తగారికి ఇష్టమేనా, లేక ఆమె చాటుగా వస్తోందా అన్నది కూడా. చాటుగా వస్తుంటే ముందు ఆ ఇంటితో మీరూ మీ భార్యా కలిసి మాట్లాడండి. ఆమె ఒక్కదాన్నే ముందుకు తోయకండి.

డబ్బు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది ఆ ఫారమే. క్లౌ చేసిన పని ఒకటి చెబుతాను. 1876నుంచి 78 దాకా ఘోరమైన కరవు. ఆకలితో చస్తున్న జనానికి పని కల్పించడానికి ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. పని చేస్తున్న వేలమంది మధ్యాహ్నం కూర్చున్నప్పుడు బోధకులు యేసు సంగతి చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కరవు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట వస్తుందని ఒక కారణం, నిజంగానే అలా వచ్చేవాళ్ళుంటారని ఇంకో కారణం. సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, మార్చి మార్చి నీళ్ళలో దిగారు. ఆ అంకె చాలామంది నోట వస్తుంది. దానికి ముందు ఏడాది అంకె సున్నా అన్నది ఎవరూ చెప్పరు. ఇప్పటి మూడు నెలల ఫారంలో ఆ సున్నా వేసి ఉంటే క్లౌకు గ్రాంటు ఆగిపోయేదేమో!

మీ ఫారంలో నిజం రాయండి. కొత్త సంఘాలు లేవు. నేను లేకుండా నడిచే కూడికలు ఇన్ని, ఇప్పటికి సున్నా. ఈ మూడు నెలల్లో ఇంటివాళ్ళే నడిపించేలా రెండింటిని తయారుచేస్తున్నాను. ఇంతే. అర్థం చేసుకునేవాళ్ళయితే ఉంటారు, కాకపోతే పోతారు. పోతే పెట్రోలు డబ్బు పోతుంది, అంతేగా? మీకు షాపుంది. ఆ షాపు దేవుడిచ్చిన వరం అనుకోండి. అంకె పెంచి రాయడం మొదలుపెడితే తర్వాతి ఫారంలో ఇంకా పెంచాలి. ఒక్క ఊళ్ళో ఒక్కరినే ముగ్గురు సేవకులు తమ లెక్కలో వేసుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన బండారమే. ఆ వరసలో నిలబడవద్దు.

కీబోర్డు అమ్మమని నేను అనను, ఇంట్లో పెట్టుకుని వాయించుకోండి. కూడికలో మాత్రం ఆ ఊరివాళ్ళ దగ్గర లేనిదేదీ వాడకండి. తప్పెట ఉంటే తప్పెట, చప్పట్లుంటే చప్పట్లు. 1890లో చైనాలో పనిచేస్తున్న నీవియస్ అనే మిషనరీ సియోల్ వెళ్ళి రెండు వారాలు అక్కడి కుర్ర మిషనరీలతో కూర్చున్నాడు. నమ్మినవాడు తన వృత్తిలోనే ఉండి సాక్షిగా ఉండాలి, స్థానికులు మోయగలిగినంత పనే పెట్టాలి, గుడి వాళ్ళ డబ్బుతో వాళ్ళ పద్ధతిలో కట్టుకోవాలి అన్నది ఆయన సలహా సారం. కొరియాలో ప్రెస్బిటేరియన్ మిషనరీలు దాన్ని పట్టుకున్నారు. కొరియా సంఘాలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి కారణం ఇదొక్కటే అని ఎవరైనా అంటే ఒప్పుకోను, కానీ ఇది లేకుండా అంత పెరిగేవి కాదనే నా నమ్మకం. జీతం ఇచ్చి ఒకరిని పెడితే, జీతం ఇవ్వగలిగినంత దాకే పెరుగుతుంది.

ఇంత చెప్పాక ఒంగోలులో తప్పిన సంగతులు కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగమే చెప్పినట్టు. అంత వేగంగా వచ్చిన వేలమందికి నేర్పడానికి మనుషులు చాలలేదు. క్లౌ మొదట్లో పెట్టిన షరతులు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. పైకి తేలిగ్గా ఉన్నా అవి మాదిగపల్లెకు చిన్న షరతులు కావు. ఆదివారం పనిమానితే ఆసామికి కోపం, జాతరలో డప్పు కొట్టనంటే ఊరికే కోపం. దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. ఆ మూడూ పాటించినవాళ్ళు నిలబడ్డారు. కొత్తగా నమ్మినవాళ్ళకు ముప్ఫై సూత్రాల పుస్తకం కంటే వెంటనే చేయగలిగిన రెండు మూడు సంగతులు మంచివని దీన్నిబట్టే అంటున్నాను. అయితే అక్కడే ఆగిపోకూడదు. క్లౌ మూడు నెలలకోసారి బోధకులందరినీ ఒంగోలుకు పిలిపించి, వాళ్ళ కష్టసుఖాలు విని, నేర్పి పంపేవాడు. మీరు రోజూ తిరిగే తిరుగుడు మానేస్తే మిగిలే సమయం దానికి వాడండి. నెలకొక ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో, కూడిక నడిపించేవాళ్ళు మాత్రమే, అన్నం పెట్టి.

రెండో సంగతి కులం. చుట్టరికం దారిన సువార్త పరుగెత్తుతుంది, నిజమే. కానీ మన దేశంలో చుట్టరికం అంటే కులమే. అందుకే బాప్తిస్టు సంఘాలు ఎక్కువగా మాదిగపల్లెల్లో, లూథరన్ సంఘాలు ఎక్కువగా మాలపల్లెల్లో పెరిగాయి. ఒకే ఊళ్ళో రెండు గుళ్ళు, ఒకరి గుడికి ఒకరు వెళ్ళరు. పరుగెత్తించిన దారే తర్వాత గోడ అయింది. మీ తొమ్మిది కూడికలూ ఏ ఏ పేటల్లో ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఒకే పేటలో ఉంటే మొదట్లో తప్పు కాదు. నెలకు ఒకసారైనా రెండు పేటలవాళ్ళు కలిసి ఒకే పళ్ళెంలో రొట్టె, ఒకే గిన్నెలో ద్రాక్షరసం తీసుకునే ఏర్పాటు మొదటి ఏడాదిలోనే చేయకపోతే పదో ఏట చేయలేరు.

పెరిగినదాన్ని ఎలా నిలబెట్టాలో తెలుగు నేలమీద బాగా తెలిసినవాడు డోర్నకల్ బిషప్ అజరయ్య. తమిళుడు, 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత తలమీద చెయ్యి పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని అక్కడే చెప్పించేవాడు. బోధించడం పాస్టరు ఉద్యోగమన్న ఆలోచన పుట్టకముందే దాన్ని తుంచేయడమన్నమాట. ఏటా సాక్ష్య వారం పెట్టి సాధారణ విశ్వాసులను ఊళ్ళలోకి పంపేవాడు. మాల మాదిగ క్రైస్తవుల బతుకులో శుభ్రత, మాటతీరు, తాగుడు మానడం చూసి, వాళ్ళను పొలంలో పనికి పెట్టుకునే రైతు కులాలవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ఆ గోడకు కన్నం పడింది అలాగే.

బాప్తిస్మాల గురించి ఇంకో మాట. మీ ఊళ్ళలో కొందరు అన్నీ నమ్ముతారు, కూడికకు వస్తారు, బాప్తిస్మం దగ్గర ఆగుతారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా పోయి బీసీ-సి కిందికి వెళ్ళడం దానికి ఒక పెద్ద కారణమని మీకూ తెలుసు. వాళ్ళ మీద ఒత్తిడి పెట్టవద్దు, అబద్ధపు దారులూ నేర్పవద్దు. విషయం విప్పి చెప్పి, కుటుంబం మొత్తం ఆలోచించుకునే సమయం ఇవ్వండి. మైనర్లకు తల్లిదండ్రుల ఇష్టం లేకుండా ఇవ్వకండి. డబ్బు, ఉద్యోగం, స్వస్థత హామీ ఏదీ ఎరగా వేయకండి. పక్కింటి దేవుళ్ళను ఎగతాళి చేస్తూ మైకు పెట్టేవాళ్ళను చూసి అది ధైర్యం అనుకోకండి. ఆ మైకు వల్ల ఒక్క ఇల్లు తెరుచుకోవడం నేను చూడలేదు, మూసుకోవడం చాలాసార్లు చూశాను.

ఇక గొర్రెల సంగతి. మీ తొమ్మిది కూడికల్లో కూర్చునేవాళ్ళలో ఎంతమంది అంతకుముందు ఆ పాస్టర్ గారి సంఘానికి వెళ్ళేవాళ్ళు? ఆ అంకె మీ దగ్గర ఉండాలి. సగం కంటే ఎక్కువైతే ఆయన మాట నిజం, అది పెరుగుదల కాదు, చోటు మారడం. వాళ్ళను తిరిగి ఆయన దగ్గరికి పంపండి, మీ పట్ల ఎంత అభిమానం ఉన్నా సరే. తక్కువైతే కూడా ఈ వారమే ఆయన ఇంటికి వెళ్ళండి. ఆదివారం పొద్దున కాదు, మంగళవారమో బుధవారమో సాయంత్రం, మీ భార్యతో కలిసి. ఎవరెవరు ఆయన సభ్యులో ఆయన్నే చెప్పమనండి, రాసుకోండి. వాళ్ళు మీ కూడికకు వచ్చినా కానుక, బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన అన్నీ ఆయన దగ్గరే అని మాట ఇచ్చి దాని మీద నిలబడండి. పాత సంఘాల్లో మీకు అవసరమైన మనుషులున్నారు. వాక్యం నలభై ఏళ్ళుగా విన్నవాళ్ళు, ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పే అవకాశం రానివాళ్ళు. ఆయన ఒప్పుకుంటే అలాంటి ఇద్దరు ముసలివాళ్ళను మీ నెలవారీ అన్నానికి పంపమనండి.

ఈ నెల మీరు చేయాల్సింది రెండు ఊళ్ళను ఎంచుకోవడం. ఒకటి మిషన్ కుట్టే అక్క ఊరు. మిగతా ఏడు ఊళ్ళకూ వెళ్ళి, వారం విడిచి వారం వస్తానని ఉన్నమాట చెప్పండి. కొన్ని ఆగిపోతాయి. ఆగిపోయినవాటి పేర్లు కూడా ఫారంలో రాయండి.